గంజాం సీమలో వాల్వు వెలుగు



బరంపురంలో పండుగ రోజుల్లో సాయంత్రం వేళ మీరు వీధిలో నడుస్తూ ఉంటే, ముందుగా మీ దాకా వచ్చేది పాట కాదు, పాట కింద నడిచే బేస్ గిటారు మోత. గాయకుడి గొంతు వీధి మలుపు తిరిగేసరికి గాలికి చెదిరిపోతుంది. ఆ మోత మాత్రం గోడలు దాటి వచ్చి గుండెల మీద తడుతుంది. రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణీ యాత్ర రోజుల్లోనూ, పెళ్ళిళ్ళలోనూ, మెలోడీ పార్టీల కచేరీల్లోనూ ఆ మోత మనందరికీ పరిచయమే.

ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది ఆ మోతను పుట్టించే యాంప్లిఫయరు గురించీ, దాని లోపల వెలిగే గాజు వాల్వుల గురించీ. ఇదేదో మెకానిక్కుల వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. సరిహద్దు జిల్లాలో తెలుగు మాట మన ఇళ్ళలో ఎలా నిలిచిందో చెప్పే చరిత్రలో ఈ గాజు బుడ్డికి కూడా కొంత చోటు ఉంది.

ముందు ఒక చిన్న సంఘటన చెబుతాను. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు మెలోడీ పార్టీలో బేస్ గిటారు వాయిస్తున్నాడు. ఎక్కడో వాడిన పాత వాల్వు యాంప్లిఫయరు ఒకటి మోజుపడి కొనుక్కున్నాడు. నాలుగు కచేరీలు బాగానే జరిగాయి. ఐదో కచేరీలో అది గుయ్‌మని రొద పెట్టడం మొదలుపెట్టింది. మందర స్వరాలు పగిలిపోయాయి. చివరకు ఫ్యూజు కాలి ఆగిపోయింది. ఫ్యూజు మారిస్తే అదీ కాలింది. పెద్ద వాల్వు ఒకటి ఎర్రగా కాగిపోతోందని చూసి, డబ్బు పోసి కొత్త వాల్వు తెప్పించి పెట్టాడు. అదీ ఎర్రబడింది. ఒక దుకాణంలో చూపిస్తే, "లోపలంతా పోయింది, ఇక పాత సామాను కింద అమ్ముకో" అన్నారట. కుర్రవాడు దిగులుగా నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మీ ఇంట్లో పాత రేడియో బాగుచేసిన తాత ఉండేవారు కదా, ఇప్పుడు ఉన్నారా?" అని అడిగాడు.

ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్ళే ముందు, అసలు ఈ వాల్వు మన సీమకు ఎలా వచ్చిందో చూద్దాం.

వాల్వు అంటే ఏమిటి? గాలి తీసేసిన గాజు బుడ్డి. దాని నడుమ ఒక సన్నని గొట్టం. ఆ గొట్టం లోపల బల్బులో ఉండేటటువంటి తీగ. కరెంటు పెట్టగానే ఆ తీగ కాగి గొట్టాన్ని వేడి చేస్తుంది. వేడెక్కిన గొట్టం నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి, చుట్టూ ఉన్న ప్లేటు అనే లోహపు రేకు వైపు పరుగెత్తుతాయి. ఈ దారిలో పరుగు ఒకవైపే తప్ప వెనక్కి ఉండదు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఈ రెండింటి నడుమ మూడో భాగాన్ని చేర్చాడు. దాని పేరు గ్రిడ్. కాలువకు తూము తలుపు ఎలాంటిదో ప్లేటు వైపు పరుగెత్తే ప్రవాహానికి గ్రిడ్ అలాంటిది. తలుపును కాస్త కదిలిస్తే చాలు, పెద్ద ప్రవాహం పెరుగుతుంది, తరుగుతుంది. గొంతులోని చిన్న కదలిక ఊరంతా వినబడే పెద్ద ధ్వనిగా మారడానికి మూలం ఇదే.

మన వైపు ఆకాశంలో మాట మొదలైంది మద్రాసు నుంచి. 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు ప్రారంభించింది. డబ్బు చాలక 1927లో మూతపడింది. ఆ తరువాత మద్రాసు కార్పొరేషను ఆ పని అందుకుని 1930 ఏప్రిల్ 1న మళ్ళీ ప్రసారాలు మొదలుపెట్టింది. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే.

1936వ సంవత్సరాన్ని మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. బరంపురం, ఛత్రపురం, అస్కా ఆ రాష్ట్రంలోకి వెళ్ళాయి. దక్షిణాన ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం మద్రాసులోనే ఉండిపోయాయి. రైలులో పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న బంధువులు పొరుగు రాష్ట్రంవారైపోయారు. ఇక్కడి ఒడియావారికి అది ఎన్నాళ్ళో ఎదురుచూసిన రోజు. తెలుగువారికి కొత్త ఏర్పాటులో సర్దుకోవలసిన రోజు. అదే ఏడాది జూన్ 8న దేశంలోని ప్రభుత్వ ప్రసార సంస్థకు ఆల్ ఇండియా రేడియో అనే పేరు వచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 6ఎల్6 అనే శక్తిమంతమైన వాల్వును విడుదల చేసింది. మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కాని తరువాతి కాలంలో ఈ మూడూ మన వీధుల్లోనే కలుసుకున్నాయి.

1938 జూన్ 16న ఆల్ ఇండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది. బరంపురానికి అది సుమారు వెయ్యి కిలోమీటర్లు. పగలు మీడియం వేవు అంత దూరం రాదు. చీకటి పడ్డాక ఆకాశపు పై పొరల మీద తగిలి తిరిగి నేలకు దిగుతుంది. అందుకే దూరపు తెలుగు మాట మన ఇళ్ళకు రాత్రిపూట వచ్చేది. 1948లో రెండు కేంద్రాలు వచ్చాయి. జనవరి 28న కటక్, డిసెంబరు 1న విజయవాడ. ఆ తరువాత 1963లో విశాఖపట్నం కేంద్రం వచ్చి తెలుగు మాటను మరింత దగ్గర చేసింది. నడుమ 1957లో వివిధ భారతి మొదలైంది. రేడియో సిలోనులో సినిమా పాటలు సరేసరి.

ఈ రేడియోలన్నీ వాల్వు సెట్లే. ఇంట్లో పెట్టుకునే సెట్టులో సాధారణంగా ఐదు వాల్వులు ఉండేవి. మీట తిప్పగానే మాట వచ్చేది కాదు. అరనిమిషం ఆగాలి. అద్దం వెనక దీపం వెలుగుతుంది, వాల్వులు కాగుతాయి, ఆ తరువాత ఎక్కడో దూరం నుంచి నడిచి వచ్చినట్టు గొంతు దగ్గరవుతుంది. కరెంటు లేని పల్లెల్లో బ్యాటరీ సెట్లు వాడేవారు. వాటికి తొంభై వోల్టుల పెద్ద బ్యాటరీ కావాలి. అందువల్ల సెట్టు వార్తల వేళకు పెట్టి, వార్తలు కాగానే కట్టేసేవారు. 1955లో ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాలు ఉమ్మడిగా కట్టుకున్న మచ్‌కుండ్ జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. కరెంటు ఊళ్ళకు పాకుతున్నకొద్దీ ఇళ్ళలో రేడియోలు పెరిగాయి. ఏటా తపాలా కార్యాలయానికి వెళ్ళి లైసెన్సు రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవడం ఆ రోజుల్లో ఇంటి పెద్దకు ఒక బాధ్యత.

మా ఇంట్లో కూడా అలాంటి సెట్టు ఒకటి ఉండేది. నేను పుట్టేనాటికే అది పాతది. దాని వెనక అట్ట తీస్తే లోపలి వైపు పెన్సిలుతో రాసిన గీతలు కనబడేవి. ఏ తేదీన ఏ వాల్వు మార్చారో మెకానిక్కు రాసి పెట్టేవాడు. మా ఇంటి సెట్టు మీద తెలుగు అంకెలతో సహా తెలుగు రాత. పక్కింటివారి సెట్టు మీద ఒడియా రాత. రాసిన చేయి మాత్రం ఒక్కటే. ఏ ఇంటివారు ఏ భాషలో చదువుకుంటారో ఆ భాషలో రాసేవాడన్నమాట. రాజ్యాల చరిత్ర శాసనాల్లో ఉంటుంది. ఇళ్ళ చరిత్ర ఇలాంటి అట్టల వెనక ఉంటుంది. ఆ గీతల్లో ఎక్కువసార్లు కనబడిన పేరు ఈఎల్ 84. స్పీకరును నడిపించే బరువంతా దాని మీదే పడుతుంది గనుక అందరికంటే ముందు అదే అలసిపోయేది. అది పోయిందంటే వార్తలూ లేవు, హరికథా లేదు, నాటకమూ లేదు. బడిలో ఒడియా, బజారులో రెండూ మాట్లాడే ఇంట్లో, పుస్తకపు తెలుగు పిల్లల చెవిని తాకేది చాలావరకు ఆ పెట్టెలోంచే. ఆ మెకానిక్కు వచ్చి వాల్వు మార్చేదాకా మా తాతగారికి తోచేది కాదని మా అమ్మ చెప్పేది.

మొదట్లో వాల్వులు విదేశాల నుంచి వచ్చేవి. 1954లో బెంగుళూరులో నెలకొల్పిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ చేపట్టింది. అంతవరకు విదేశీ సరుకు కోసం ఎదురుచూసిన చిన్న ఊళ్ళ దుకాణాలకు స్వదేశీ వాల్వు అందుబాటులోకి వచ్చింది.

రేడియో ఇంట్లోది. వీధిలోది మైకు సెట్టు. హరికథ, బుర్రకథ, ఎన్నికల ఉపన్యాసం, దేవీ ఉత్సవం, అన్నింటికీ అదే. 1940లో స్థాపించిన ఆహూజా కంపెనీ పేరు మన వైపు మైకుకు మారుపేరుగా నిలిచిపోయింది. పాత మైకు సెట్లలో పెద్ద వాల్వులు జంటగా కూర్చుని ఉండేవి. ఒకటి తోస్తే ఒకటి లాగుతుంది, రంపం పట్టిన ఇద్దరు మనుషుల్లాగ. అయితే ఆ రోజుల్లో చెట్లకు కట్టిన ఇనప బాకాలు గొంతును దూరం తీసుకువెళ్ళేవే గాని, మందర ధ్వనిని పలకలేకపోయేవి. మృదంగం ఎడమ మూత గుమికి బాకాలో చోటు లేదు. ఆ లోటు తీరడానికి పెద్ద స్పీకరు పెట్టెలు, బేస్ గిటారు రావలసి వచ్చింది.

బేస్ గిటారు యాంప్లిఫయరు ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అది పుట్టింది ఒక రేడియో రిపేరు దుకాణంలో. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. వాయిద్యగాళ్ళు తమ యాంప్లిఫయర్లు తెచ్చి బాగుచేయించుకునేవారు. బాగుచేస్తూ బాగుచేస్తూ తానే తయారుచేయడం మొదలుపెట్టాడు. 1951లో ఎలక్ట్రిక్ బేస్ గిటారు తెచ్చాడు. 1952లో దాని కోసం బేస్‌మన్ అనే యాంప్లిఫయరు తెచ్చాడు. లండనులో జిమ్ మార్షల్ 1962లో తన మొదటి యాంప్లిఫయరును దాని నమూనా మీదే కట్టించాడు. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే పెద్ద యంత్రం తెచ్చింది. పద్నాలుగు వాల్వులు, మూడు వందల వాట్లు. ఎంత పెద్దదైనా దాని లోపలి మూల సూత్రం మా ఇంటి ఐదు వాల్వుల సెట్టుదే. కనుక మన ఊరి రేడియో మెకానిక్కుకు బేస్ యాంప్లిఫయరు పరాయిది కాదు. అది ఆయన దుకాణానికి దూరపు చుట్టమే.

ఇప్పుడు ఆ తాత దగ్గరికి వెళదాం. దుకాణం ఎప్పుడో మూసేశారు. ఇంటి వరండాలో బల్ల మాత్రం ఉంచుకున్నారు. కుర్రవాడు పెట్టె దించగానే ఆయన స్క్రూడ్రైవరు అందుకోలేదు. ముందు అడిగారు: "ఏటి బాబూ, ఒక్కసారిగా ఆగిందా, మెల్లమెల్లగా పాడయిందా? వాన పడ్డ రోజా? కొత్తగా ఏదైనా మార్చావా?" వైద్యుడు నాడి పట్టుకునే ముందు మాట్లాడించినట్టు మాట్లాడించారు.

వాల్వు సెట్టులో చూడవలసిన వరస ఒకటుంది. ఆయన చేసినది చేసినట్టు మీకు చెబుతాను. అయితే శ్రోతలారా, ఒక హెచ్చరిక. ఈ పెట్టెల్లో నాలుగైదు వందల వోల్టులు ఉంటాయి. ఎస్‌వీటీ వంటి వాటిలో ఏడు వందలు. ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కండెన్సర్లలో ఆ కరెంటు నిలవ ఉండి మనిషిని చంపగలదు. తెలియనివారు అడుగు పలక విప్పకూడదు. పైనుంచి చూసి, విని, వాల్వు మార్చడం వరకే మన పని. ఆ లోపలిది తెలిసినవారి పని. తాత కూడా కరెంటు ఉన్నప్పుడు కొలత తీస్తే ఎడమ చేయి జేబులో పెట్టుకుంటారు. రెండు చేతుల నడుమ గుండె ఉంటుంది కదా. మరొక మాట. స్పీకరు తగిలించకుండా వాల్వు యాంప్లిఫయరును మోగించకూడదు. బరువు లేని బండిని తోలినట్టు లోపలి ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజీ ఎగిరిపోయి అది కాలిపోతుంది.

మొదటి పని, చూడడం. వాల్వు పైభాగాన గాజు లోపల అద్దం పూతలాగ వెండి రంగు మచ్చ ఉంటుంది. లోపల మిగిలిన గాలిని మింగడానికి పెట్టిన పూత అది. అది పాల తెలుపుగా మారితే గాజు చిట్లి గాలి చొరబడిందని అర్థం. ఆ వాల్వును ఇక పరీక్షించనక్కరలేదు, తీసి పారేయడమే. తరువాత, అన్ని వాల్వుల అడుగునా నారింజ రంగు వెలుగు ఉందా? ఒక్కటీ వెలగకపోతే ప్లగ్గు, ఫ్యూజు చూడాలి. ఒక్కటే వెలగకపోతే దాని తీగ తెగిందో, సాకెట్టులో పిన్ను అంటడం లేదో చూడాలి. గాజు గోడ మీద నీలి కాంతి కనబడితే భయపడకండి, అది మామూలే. లోపలి రేకుల నడుమ ఊదారంగు పొగలాగ కమ్మితే మాత్రం గాలి చేరినట్టు. ప్లేటే ఎర్రగా కాగితే వెంటనే కట్టేయాలి.

రెండో పని, వినడం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. బేస్ గిటారులో అతి మందర తీగ 41 సార్లు, దాని మీద మూడో మెట్టు స్వరం 49 సార్లు ఊగుతాయి. అంటే కరెంటు రొద సరిగ్గా బేస్ వాయించేవాడి స్వరాల నడుమే వచ్చి కూర్చుంటుంది. మామూలు గిటారువాడికి పట్టని రొద అతడికి అందుకే పట్టుకుంటుంది. రొద 50 పలికితే ఏదో ఒక వాల్వులో కాగే తీగ నుంచి కరెంటు కారుతోందని మొదట అనుమానించాలి. 100 పలికితే పెద్ద వాల్వుల జంట సమానంగా పనిచేయడం లేదనో, పెద్ద కండెన్సర్లు ఎండిపోయాయనో అనుకోవాలి. చిటపటలాడితే సాకెట్టు మురికి. చెక్క పెన్సిలుతో చిన్న వాల్వును మెల్లగా తట్టితే స్పీకరులో గంటలాగ మోగిందంటే, ఆ వాల్వు లోపలి భాగాలు వదులయ్యాయన్నమాట. బేస్ మోతకు పెట్టె అంతా అదురుతుంది గనుక ఈ జబ్బు బేస్ యాంప్లిఫయర్లలో తరచు వస్తుంది.

మూడో పని, మార్చి చూడడం. ఈసీసీ 83 వంటి చిన్న వాల్వులకు మంచిదని తెలిసిన ఒక్క వాల్వు చేతిలో ఉంటే చాలు. ఒక్కొక్క చోట దాన్ని పెట్టి చూడాలి. జబ్బు పోతే అక్కడిదే దోషి. పోకపోతే పాతది దాని చోటనే తిరిగి పెట్టాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పోయిందో ఎప్పటికీ తెలియదు, డబ్బు దండగ.

మా కుర్రవాడి పెట్టెలో ఎర్రబడినది పెద్ద వాల్వు. ఈఎల్ 34 జంటలో కుడివైపుది. తాత చేసినది చాలా చిన్న పని. సీరీస్ బోర్డు తెచ్చారు. అంటే కరెంటు దారిలో వంద వాట్ల బల్బు ఒకటి అడ్డం పెట్టిన పలక. లోపల ఎక్కడైనా ఎక్కువ కరెంటు లాగితే ఆ బల్బు వెలుగుతుంది, పెట్టె కాలిపోదు. మొదట పెట్టె మీట వేసి బల్బు చూశారు. భగ్గున వెలిగింది. కట్టేసి, వాల్వులు చల్లారాక రెండింటినీ తీసి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చారు. మళ్ళీ మీట వేశారు. బల్బు మళ్ళీ భగ్గుమంది. ఈసారి బోర్డు తప్పించి, మీట మీద చేయి ఉంచుకుని కొన్ని క్షణాలే పెట్టె నడిపారు. ఎరుపు కుడివైపే వచ్చింది. ఇప్పటిదాకా చక్కగా ఉన్న వాల్వు కుడి చోటికి వెళ్ళగానే ఎర్రబడింది. ఎర్రబడ్డ వాల్వు ఎడమ చోటికి వెళ్ళగానే చల్లబడింది.

అప్పుడు ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "చూశావా నాయనా? ఎరుపు వాల్వుతోటి వెళ్ళిందా, చోటు కాడే ఉండిపోయిందా, అదొక్కటి అడగాల. వాల్వుతోటి వెళితే వాల్వుది తప్పు. చోటు కాడే ఉంటే చోటుది తప్పు. నువ్వు కొత్త వాల్వులు ఎన్ని తెచ్చి పెట్టినా ఈ చోటు తినేస్తాది."

తప్పు ఎక్కడుంది? గ్రిడ్ అనే తూము తలుపు ఎప్పుడూ కొంత మూసి ఉండడానికి దానికి ఋణ వోల్టేజీ ఇస్తారు. దాన్నే బయాస్ అంటారు. ఈఎల్ 34లో అది ఐదో పిన్ను ద్వారా అందుతుంది. కుడి సాకెట్టులో ఆ ఐదో పిన్ను పట్టు పచ్చగా చిలుము పట్టి, వదులైపోయి ఉంది. గోపాలపురం ఉప్పుగాలి మన ఊళ్ళలో కిటికీ ఊచలనే తినేస్తుంది, సాకెట్టు రేకు ఎంత? పిన్నుకు బయాస్ అందకపోవడంతో తలుపు బార్లా తెరుచుకుని, కరెంటు వరదలా పారి, ప్లేటు ఎర్రబడింది. ఫ్యూజు కాలింది అందుకే. రొదా అందుకే, ఎందుకంటే జంటలో ఒకటి అదుపు తప్పింది. అంతా పోయిందన్న పెట్టెలో నిజంగా పోయినది బియ్యపు గింజంత రేకు.

ప్లగ్గు పీకి, కండెన్సర్లలోని కరెంటు దించి, కొలిచి చూసుకుని, ఆయన ఆ పట్టును స్పిరిటుతో శుభ్రం చేసి, సూదిమొనతో బిగించారు. బాగా కాగి దెబ్బతిన్న వాల్వును మళ్ళీ పెట్టనివ్వలేదు. పెద్ద వాల్వులను ఒకదానికొకటి సరిపోయే జంటగా కొని, రెండూ కలిపే మార్చాలి. కాడెద్దుల్లో ఒకటి ముసలిది, ఒకటి కోడె అయితే అరక సాగదు కదా. తీసేటప్పుడు గాజు పట్టి గుంజకుండా, అడుగు పట్టుకుని కొంచెం కొంచెం ఊపుతూ పైకి లాగాలి. పెట్టేటప్పుడు నడిమి బొడుపు గాడిలో పడిందని తెలిసాకే నొక్కాలి. చిన్న వాల్వులకు బొడుపు ఉండదు. పిన్నుల వరసలో ఉన్న ఖాళీని చూసి పెట్టుకోవాలి.

కొత్త జంట వచ్చాక బయాస్ సరిచూశారు. ఈఎల్ 34 ప్లేటు భరించగలిగిన వేడి 25 వాట్లు. ఊరుకున్నప్పుడు అందులో డెబ్బై శాతం దాటకూడదని వాడుక. అంటే 17.5 వాట్లు. ప్లేటు మీద 450 వోల్టులుంటే సుమారు 39 మిల్లీ ఆంపియర్లు. ఈ లెక్క మా కుర్రవాడి చేత నేనే చేయించాను. బడిలో ఈ సూత్రం నేర్పినప్పుడు ఇది ఎందుకు మాస్టారూ అని అడిగినవాడు వాడే.

మరి ఈ వాల్వులు ఇంకా దొరుకుతున్నాయా? 1947లో అమెరికాలో ట్రాన్సిస్టరు కనిపెట్టారు. తరువాత రెండు మూడు దశాబ్దాల్లో అది రేడియోను చేతిసంచీలోకి తెచ్చింది. వాల్వు సెట్లు అటకెక్కాయి. మైకు సెట్లు మారిపోయాయి. గిటారు, బేస్ వాయించేవారే ఆ ధ్వని మీద ఇష్టం కొద్దీ వాల్వును వదలలేదు. జోరుగా వాయించినప్పుడు అది స్వరాన్ని తెగ్గొట్టకుండా మెత్తగా ఒదిగిస్తుందని వారి అనుభవం. నేడు కొత్త వాల్వులు ముఖ్యంగా రష్యా, స్లొవాకియా, చైనా దేశాల నుంచి వస్తున్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు రష్యా సరుకుకు కొంతకాలం అంతరాయం కలిగింది. ఎక్కడి యుద్ధమో ఇక్కడి మెలోడీ పార్టీ బేస్ గిటారుకు తగిలింది. వాల్వు దొరకడం ఒక కష్టమైతే, దాన్ని అర్థం చేసుకుని పెట్టే చేయి దొరకడం మరో కష్టం. తాత కొడుకులు వేరే ఊళ్ళలో వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. ఆయన దగ్గర పుస్తకం లేదు. నేర్చుకున్నది చేతిలో ఉంది, చెవిలో ఉంది.

శ్రోతలారా, వాల్వు రేడియోను మళ్ళీ వాడమని నేను చెప్పడం లేదు. పని ఆగినదాన్ని పారేసే ముందు, తప్పు వస్తువుదా, చోటుదా అని ఒక్కసారి అడగమని మాత్రమే నా మనవి. ఉపాధ్యాయుడిగా నాకు ఈ ప్రశ్న పనికివచ్చింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లవాడు తరగతిలో మౌనంగా ఉంటే, వాడికేమీ రాదని రాసేయడం తేలిక. వాడిని ఇంకో చోట కూర్చోబెట్టి, ఇంకో భాషలో అడిగి చూస్తే చాలాసార్లు గలగలా చెబుతాడు. లోపం పిల్లవాడిలో కాదు, వాడికీ మనకీ నడుమ ఉన్న పట్టులో.

మీ ఊళ్ళో ఇలాంటి మెకానిక్కులు ఇంకా ఎవరైనా ఉంటే, వారు చెప్పింది రాసి పెట్టండి. వారి దగ్గర ఒక కుర్రవాడిని పది రోజులు కూర్చోబెట్టండి. అటక మీద పాత సెట్టు ఉంటే వెనక అట్ట లోపలి రాతలు చెరిపేయకండి.

ఆ సాయంత్రం పని అయ్యాక కుర్రవాడు తీగ మీటాడు. వరండా గచ్చు అదిరింది. తాత నవ్వి, పెన్సిలు వాడి చేతికిచ్చి, పెట్టె వెనక పలక లోపల తేదీ వేసి ఏం మార్చామో రాయమన్నారు. "ఏ భాషలో రాయను తాతా?" అన్నాడు వాడు. "రేపు ఇది ఎవరు విప్పుతారో మనకేటి తెలుసు, రెండింటా రాయి" అన్నారు ఆయన. వాడు ముందు తెలుగులో, దాని కింద ఒడియాలో రాశాడు. తెలుగులో ఒక ఒత్తు తప్పు పోయింది. దిద్దించాను.